అడ్వాన్సు తీసుకున్న తొమ్మిది లాప్‌టాప్‌లు ఇంకా రాలేదు. కొన్నవాళ్లకు ఏమని చెప్పాలి?

అరండల్‌పేట_షాపు | 2025 జూలై 7, సోమవారం, రాత్రి 10:15

గుంటూరులో పదకొండేళ్లుగా చిన్న కంప్యూటర్ల దుకాణం నడుపుతున్నాను. నేను, ఒక మెకానిక్ కుర్రవాడు, మధ్యాహ్నం పూట లెక్కలు చూసే మా ఆవిడ. అంతే సిబ్బంది. జూన్ రెండో వారంలో ఒకే మోడల్‌కు తొమ్మిది ఆర్డర్లు పడ్డాయి. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ధర 64,990. పది రోజుల్లో సరుకు ఇస్తానని హైదరాబాదు డిస్ట్రిబ్యూటరు అన్నాడు. నేను ఇంకో వారం కలుపుకుని అందరికీ జూన్ 28 అని చెప్పి, తలా పదివేలు అడ్వాన్సు తీసుకున్నాను. ఈరోజుకు ఒక్క పెట్టె కూడా దిగలేదు.

ఆర్డరు ఇచ్చిన వరుసలో వాళ్లు వీరు: ఒక ఆడిటర్ గారు మూడు చెప్పారు. తర్వాత ఒక రైస్ మిల్లు యజమాని, కొడుకు కోసం. అమెరికా చదువుకు వెళ్లే అబ్బాయి ఒకడు, ప్రయాణం జూలై 28న. కార్డు మీద ఈఎంఐలో మిగతా డబ్బు కూడా కట్టేసిన ఉద్యోగి ఒకరు. చివరగా ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు. వాళ్లలో ఆఖరిది తెనాలి అమ్మాయి, ఇంటర్న్‌షిప్ అప్పుడే మొదలైంది.

డిస్ట్రిబ్యూటరు రెండు వారాలుగా ‘లోడింగులో ఉంది’ అంటున్నాడు. నేనూ అదే మాట వీళ్లకు అప్పజెబుతున్నాను. మిల్లు యజమాని రోజుకు రెండుసార్లు ఫోను చేసి అరుస్తున్నారు. ఆయన నంబరు కనిపిస్తే ఎత్తడానికి చెయ్యి రావడం లేదు. అడ్వాన్సులు తిరిగి ఇచ్చేస్తే బేరం పోతుంది, ఇవ్వకపోతే మాట పోతుంది. మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే ఎలా గట్టెక్కారో చెప్పండి.

సీటీసీ_పాతకాపు | జూలై 7, రాత్రి 10:52

‘లోడింగులో ఉంది’ అనే మాటకు అర్థం నేను చెబుతాను, సికింద్రాబాదులో డిస్ట్రిబ్యూటరు దగ్గర పద్నాలుగేళ్లు కూర్చుని ఆ మాట చెప్పినవాడిని నేనే. సరుకు మా దగ్గర లేదు, ఎప్పుడు వస్తుందో మాకూ తెలియదు, మీరు మాత్రం ఆర్డరు రద్దు చేసుకోవద్దు. ఇంతే దాని అర్థం.

మీరు ఆయన్ని అడగడం మానేసి ఒక పని చేయండి. యాభైవేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైనులో తీసే పత్రం) లేకుండా గోదాము గడప దాటదు. ఆ బిల్లు మీ జీఎస్టీ నంబరు మీదే పుడుతుంది. ఈ-వే బిల్లు పోర్టల్‌లోకి మీ లాగిన్‌తో వెళ్లి, ఇతరులు మీ పేరిట తీసిన బిల్లులు చూడండి. అక్కడ ఉంటే బండి కదిలినట్టు. హైదరాబాదు నుంచి గుంటూరుకు రమారమి 270 కిలోమీటర్లు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లుకు గడువు ఉంటుంది కనుక రెండు రోజుల్లో రావాలి. అక్కడ లేకపోతే ఎవరు ఏమి చెప్పినా నమ్మకండి.

అరండల్‌పేట_షాపు | జూలై 7, రాత్రి 11:20

ఇప్పుడే చూశాను. నా పేరిట ఆఖరి బిల్లు మే నెలలో వచ్చిన ప్రింటర్లది. పదకొండేళ్లుగా వ్యాపారం చేస్తూ ఆ పేజీ ఒక్కసారీ తెరవలేదు. ఇంకెవరికీ చెప్పకండి.

ఎదురుచూపు | జూలై 8, ఉదయం 7:05

నేను అవతలి పక్క మనిషిని. కిందటేడు మా అమ్మాయి కోసం ఒక దుకాణంలో (ఊరు, పేరు వద్దు) ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చి 41 రోజులు తిరిగాను. ఆలస్యమైనందుకు నాకు కోపం రాలేదు. ‘రేపు సాయంత్రం ఆరు తర్వాత రండి’ అన్నందుకు వచ్చింది. ఆఫీసులో గంట ముందు అనుమతి అడిగి, రెండు బస్సులు మారి వెళితే, ఆ షాపు అబ్బాయి నన్ను చూడగానే లోపలికి వెళ్లి టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. ఆ గ్లాసుల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అలా పదకొండుసార్లు.

‘ఆగస్టు దాకా రాదమ్మా’ అని మొదటి రోజే చెప్పి ఉంటే మా తమ్ముడి పాత లాప్‌టాప్‌తో సర్దుకునేవాళ్లం. తెలియని తేదీని తెలిసినట్టు చెప్పడం కంటే, తెలియదని చెప్పడం మేలు. మీరే ముందుగా ఫోను చేయండి. వాళ్లు చేశాక ఎత్తి చెప్పేది సంజాయిషీ లాగే వినిపిస్తుంది.

పాత_పద్దులు | జూలై 8, ఉదయం 9:30

రాజమండ్రిలో ముప్పై ఏళ్ల వ్యాపారం నాది. కాస్త వేరే మాట చెబుతాను, కోపగించుకోకండి. మీరే ఫోను చేసి ‘రాలేదు’ అంటే, నిద్రపోతున్నవాళ్లను లేపినట్టే. ఏడుగురిలో అరిచేది ఇద్దరే. ఆ ఇద్దరిని చూసుకోండి, మిగతావాళ్లు ఆగుతారు. అడ్వాన్సు చేతిలోంచి జారితే ఆ మనిషి తిన్నగా ఫోనులో ఆన్‌లైను దుకాణం తెరుస్తాడు. 2021లో ఆన్‌లైను తరగతుల కాలంలో, చిప్‌లు దొరక్క లాప్‌టాప్‌లు నెలల తరబడి రానప్పుడు, నేను ఒక్క అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. అందరూ ఆగారు.

ఎదురుచూపు | జూలై 8, ఉదయం 9:41

అప్పుడు ఎక్కడా దొరకలేదు కనుక ఆగారు. మీ మీద ప్రేమతో కాదు.

పాత_పద్దులు | జూలై 8, ఉదయం 9:58

అదీ నిజమే అనుకోండి.

నల్లకోటు | జూలై 8, మధ్యాహ్నం 1:15

ముందు ఒక ప్రశ్న. అడ్వాన్సు తీసుకున్నప్పుడు కాగితం ఏమిచ్చారు?

అరండల్‌పేట_షాపు | జూలై 8, మధ్యాహ్నం 2:02

విజిటింగ్ కార్డు వెనక ‘10,000 ముట్టినవి, 28 లోపు’ అని రాసి సంతకం చేసి ఇచ్చాను. అందరికీ అదే.

నల్లకోటు | జూలై 8, మధ్యాహ్నం 3:20

అయితే మీ చేతిరాతతో, మీ సంతకంతో, గడువు తేదీతో సహా అందరికీ సాక్ష్యం మీరే ఇచ్చారు. బాగుంది.

అడ్వాన్సుకు జీఎస్టీ చట్టం ప్రకారం రిసీట్ వోచరు ఇవ్వాలి. సరుకుల విషయంలో అడ్వాన్సు అందిన రోజే పన్ను కట్టనక్కర్లేదు, 2017 నవంబరు నుంచి ఆ మినహాయింపు ఉంది. బిల్లు ఇచ్చినప్పుడు కడితే చాలు. డబ్బు తిరిగి ఇస్తే రిఫండ్ వోచరు రాయండి. వోచర్ల పుస్తకం ఒకటి అచ్చు వేయించుకోండి, పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక గొడవ ముదిరితే కొనుగోలుదారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. 2019 చట్టం వచ్చాక తాను ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అంటే తెనాలి అమ్మాయికి మీ మీద కేసు వేయడం మీరు అనుకున్నంత కష్టం కాదు. ఆడిటర్ గారి మాట వేరు. వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు ఆ చట్టంలో వినియోగదారులు అవుతారా అనే దగ్గరే వాదన మొదలవుతుంది.

వీళ్లందరిలో మీరు నిజంగా భయపడవలసింది అమెరికా అబ్బాయికి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను ఉంది. గడువే ఒప్పందానికి ప్రాణమైన చోట ఆ గడువు తప్పితే, అవతలి మనిషి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. విమానం తేదీ మీకు చెప్పే ఆర్డరు ఇచ్చాడు కదా. అతని డబ్బు అడగకముందే ఇచ్చేయండి.

డాలస్_దూరం | జూలై 8, రాత్రి 9:10

అమెరికా అబ్బాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. ఇక్కడ దిగాక కొనుక్కోవచ్చు, విశ్వవిద్యాలయాల విద్యార్థులకు తగ్గింపు ధరలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, బాగు చేయించుకోవలసి వస్తే ఇక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ సులువు. అక్కడి నుంచి తెచ్చుకున్నదానికి కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. చార్జరు గురించి బెంగ వద్దు, లాప్‌టాప్ అడాప్టర్లు మామూలుగా 100 నుంచి 240 వోల్టుల వరకు పని చేస్తాయి. పిన్నే తేడా. వచ్చిన మొదటి వారం చేతిలో లాప్‌టాప్ లేకపోతే గ్రంథాలయంలో కంప్యూటర్లు ఉంటాయి. నేను వచ్చినప్పుడు అలాగే గడిపాను. ఆవకాయ సీసా మాత్రం గట్టిగా మూత పెట్టి తెచ్చుకోమనండి, అది గ్రంథాలయంలో దొరకదు.

కీబోర్డు_దుమ్ము | జూలై 9, ఉదయం 8:40

నేను రిపేరు పనివాడిని. మీ షాపులో పాత లాప్‌టాప్‌లు రెండైనా పడి ఉంటాయి, ఏ షాపులోనైనా ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, పాత డేటా పూర్తిగా తుడిచి, కొత్తది వచ్చేదాకా వాడుకోమని పిల్లలకు ఇవ్వండి. ఇచ్చే ముందు మూత మీద, తెర మీద, అడుగున ఉన్న గీతలు ఫోనులో ఫొటో తీసి వాళ్లకే పంపండి. ‘ఈ గీత మేము పెట్టింది కాదు’ అనే తగువు రాదు. తిరిగి తీసుకున్నప్పుడు వాళ్ల డేటా వాళ్ల ముందే తుడవండి.

అరండల్‌పేట_షాపు | జూలై 9, రాత్రి 10:40

ఈరోజు దుకాణం అరపూట మూసి అందరికీ ఫోన్లు చేశాను. పాత_పద్దులు గారూ, మీ మాట కాదన్నందుకు మన్నించాలి.

అందరికీ ఒకటే చెప్పాను. ‘సరుకు ఇంకా హైదరాబాదులో కదలలేదు. తేదీ నాకు తెలియదు. తెలిసిన రోజు నేనే చేస్తాను, తెలియకపోయినా ప్రతి సోమవారం, గురువారం చేస్తాను. డబ్బు కావాలంటే ఇప్పుడే పంపుతాను.’ చెప్పేటప్పుడు గొంతు తడారిపోయింది. అనుకున్నంత ఏమీ కాలేదు. అమెరికా అబ్బాయి ఒక్కడే డబ్బు అడిగాడు, ఫోను పెట్టేలోపే పంపాను. డాలస్ గారి మాట చెబితే వాళ్ల అమ్మగారు ఫోను తీసుకుని ఆవకాయ గురించే అడిగారు.

ఆడిటర్ గారు మామూలుగానే కసిరారు. ‘ఆదాయపు పన్ను రిటర్నుల సీజను, నా పిల్లలు ఏ మిషన్ల మీద పని చేయాలి?’ అన్నారు. రిటర్నుల గడువు ఈసారి సెప్టెంబరు 15 దాకా పొడిగించారు కదండీ అన్నాను. కాసేపు మౌనం. ‘అది నా క్లయింట్లకు గుర్తు చేయకండి’ అన్నారు.

తెనాలి అమ్మాయికి పాతది ఒకటి ఇచ్చాను. దాని ఎంటర్ మీట ఊడిపోతుంది. మా కుర్రవాడు రెండు వైపులా అంటుకునే టేపు వేసి చూశాడు, పది నొక్కులకు మళ్లీ ఊడింది. చివరకు ఆ అమ్మాయే ‘కుడి పక్కన అంకెల దగ్గర ఇంకో ఎంటర్ ఉంది కదండీ, అది చాలు’ అని, ఊడిన మీటను పెన్సిల్ డబ్బాలో వేసుకుని తీసుకెళ్లింది.

మిల్లు యజమాని అరిచారు. డబ్బు ఇస్తానంటే మాత్రం ‘నాకు డబ్బు తక్కువై అడుగుతున్నానా?’ అని ఇంకా అరిచారు.

మిగిలింది ఈఎంఐ ఆయన. మొదటి వాయిదా కట్ అయిపోయింది, వస్తువు చేతికి రాలేదు. ఆ గొంతులో నిష్ఠూరం వింటే అరుపులే నయం అనిపించింది. ఏం చేయాలి?

చెక్కు_పొట్టేలు | జూలై 10, ఉదయం 11:05

బ్యాంకు ఉద్యోగిని. మీరు కార్డు గీకే మిషను మీద ఆ లావాదేవీని వెనక్కి పంపవచ్చు. డబ్బు ఆయన కార్డుకు చేరడానికి మామూలుగా ఏడు పని దినాల దాకా పడుతుంది. కానీ ఈఎంఐకి బ్యాంకు పట్టుకున్న ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ చాలా బ్యాంకులు తిరిగి ఇవ్వవు. రద్దయ్యేలోపు పడిన వడ్డీ సంగతి కూడా బ్యాంకును బట్టి ఉంటుంది. అంటే రద్దు చేసినా ఆయనకు చిన్న నష్టం తప్పదు, తప్పు ఆయనది కాకపోయినా. రద్దు చేసేముందు ఆ లెక్క ఆయనకు చెప్పండి. ఆగుతానంటే, మొదటి నెల వడ్డీ ఎంతో చూసి మీరు భరించండి. పెద్ద మొత్తం ఉండదు.

ఇక ముందు సరుకు చేతిలో లేకుండా కార్డు గీకకండి. అడ్వాన్సు యూపీఐలో తీసుకోండి, పెట్టె వచ్చిన రోజు ఈఎంఐ చేయండి.

అరండల్‌పేట_షాపు | జూలై 10, మధ్యాహ్నం 1:30

ఆగుతానన్నారు. వడ్డీ 800 లోపే. బిల్లులో తగ్గించి ఇస్తాను.

సీటీసీ_పాతకాపు | జూలై 12, రాత్రి 8:15

అసలు ఇంత ఆలస్యం ఎందుకో కాస్త ఆరా తీశాను. అక్టోబరు 14తో విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోతున్నాయి కదా, కంపెనీలు పాత మిషన్లు మార్చుకుంటున్నాయి. ఒకేసారి రెండు వందలు కొనేవాడి ఆర్డరు పక్కన మీ తొమ్మిది ఎవరి కంటికీ ఆనవు. వచ్చిన సరుకు వచ్చినట్టే అటు వెళుతోంది. దీనికి మందు ఒకటే. మీరు డిస్ట్రిబ్యూటరు దగ్గర డబ్బు కట్టి ఉంచారా, నోటిమాట మీద ఉన్నారా?

ఇది కొత్త కాదు. 2023 ఆగస్టు 3న లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలని ఉత్తర్వు వచ్చినప్పుడు, మరునాడే దాన్ని అక్టోబరు ఆఖరు దాకా వాయిదా వేసినా, ఆ రెండు రోజులు మా దగ్గర ఎవరూ ధర కూడా చెప్పలేదు. నోటిమాట మీద ఉన్న ఆర్డర్లన్నీ గాలికి పోయాయి. డబ్బు కట్టినవాడి పెట్టె మాత్రం పక్కన పెట్టాము.

రేపు ఇక్కడ లష్కర్ (సికింద్రాబాదు) బోనాలు, ఎల్లుండి రంగం, అంటే భవిష్యవాణి. ఆ రెండు రోజులూ ఎవరికీ ఫోను చేయకండి, ఎత్తరు.

అరండల్‌పేట_షాపు | జూలై 12, రాత్రి 8:50

నోటిమాటే. మంగళవారం నాలుగు లాప్‌టాప్‌లకు డబ్బు కట్టేస్తాను.

అరండల్‌పేట_షాపు | జూలై 18, శుక్రవారం, మధ్యాహ్నం 12:20

నిన్న ఉదయం పోర్టల్‌లో నా పేరిట బిల్లు కనబడింది. ఈరోజు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి నాలుగు పెట్టెలు దింపుకున్నాను. నాలుగే. అమెరికా అబ్బాయి పోగా ఎనిమిది ఇవ్వాలి. వరుస ప్రకారం అయితే మూడు ఆడిటర్ గారికి, ఒకటి మిల్లు యజమానికి. అవసరం ప్రకారం అయితే తెనాలి అమ్మాయికి మొదటిది. ఎవరికివ్వాలి?

ఎదురుచూపు | జూలై 18, మధ్యాహ్నం 12:31

అమ్మాయికి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

నల్లకోటు | జూలై 18, మధ్యాహ్నం 12:50

వరుసకే. ఒకరి అవసరం ఇంకొకరి అవసరం కంటే పెద్దదని మీరు తీర్పు చెప్పడం మొదలుపెడితే, రేపు ప్రతివాడూ తన అవసరానికి కథ తెచ్చుకుంటాడు. అరిచేవాడి కథే పెద్దగా వినిపిస్తుంది.

పాత_పద్దులు | జూలై 18, మధ్యాహ్నం 1:12

ఈసారి లాయరు గారి పక్షమే నాది. కానీ వరుసలో ముందున్నవాళ్లను అడగడానికి అడ్డేమీ లేదు. ‘మీ వంతు వచ్చింది, మూడూ మీవే. ఒకటి తీసుకుని రెండు వారం ఆగగలరా?’ అని ఆడిటర్ గారిని అడగండి. వంతు ఆయనది అని ముందు ఒప్పుకున్నాకే అడగాలి. అప్పుడు ఇవ్వడం ఆయన పెద్దరికం అవుతుంది. గంజాం నుంచి నెల్లూరు దాకా ఏ వ్యాపారి అయినా పెద్దరికం ముందు కరుగుతాడు.

అరండల్‌పేట_షాపు | జూలై 18, రాత్రి 9:35

కరిగారు. ‘సెప్టెంబరు దాకా ఉంది కదా’ అని నా మాట నాకే అప్పజెప్పి, ఒకటి చాలన్నారు. మిల్లు యజమానికి ఒకటి. ఆ తర్వాత వరుసలో ఈఎంఐ ఆయనకు ఒకటి, పిల్లల్లో మొదటివాడికి ఒకటి. తెనాలి అమ్మాయి ఇంకా ఆగాలి. ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ‘ఎంటర్ అలవాటైపోయిందండీ’ అంది.

మిల్లు యజమాని మాత్రం ఫోను ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

కీబోర్డు_దుమ్ము | జూలై 19, ఉదయం 8:10

పెట్టెలు ఇచ్చేముందు ఒక పని మర్చిపోకండి. కంపెనీ సైటులో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో చూడండి. సరుకు గోదాముల్లో ఆగిన రోజుల్ని కూడా కంపెనీ లెక్క వేసేసి ఉండవచ్చు. చాలా కంపెనీలు మీ బిల్లు పంపితే తేదీ సరిచేస్తాయి. అది మీరే చేయించి ఇవ్వండి. నెల ఆగి తీసుకున్న మనిషికి వారంటీలోనూ నెల తగ్గితే ఊరుకోడు.

అరండల్‌పేట_షాపు | జూలై 19, రాత్రి 9:00

చూశాను. నాలుగింటిలో రెండింటికి మే 30 నుంచే లెక్క నడుస్తోంది. బిల్లులు పంపాను. మూడు పెట్టెలు ఇచ్చేశాను. మిల్లు యజమాని పెట్టె కౌంటరు మీదే ఉంది.

అరండల్‌పేట_షాపు | జూలై 23, బుధవారం, రాత్రి 9:45

మిగతా నాలుగింటికీ ఈరోజు ఈ-వే బిల్లు వచ్చింది. సోమవారానికి అందరివీ అయిపోతాయి.

మిల్లు యజమాని సాయంత్రం ఫోను ఎత్తారు. పెట్టె శుక్రవారం నుంచి మీ కోసమే ఉందండీ అన్నాను. ‘ఆషాఢంలో కొత్త వస్తువు ఇంటికి ఎలా తెస్తానయ్యా? రేపు అమావాస్య కూడాను’ అన్నారు. పంచాంగం తీసి చూశాను. ఆషాఢం జూన్ 26న మొదలైంది. నేను చెప్పిన గడువు జూన్ 28. అంటే ఆయన రోజుకు రెండుసార్లు చొప్పున అరిచిందంతా ఆషాఢంలోనే.

పోనీ ఇది తెనాలి అమ్మాయికి ఇచ్చి, సోమవారం వచ్చేది మీకు ఇస్తానన్నాను. ‘నా పేరు రాసిన పెట్టె ముట్టుకోవద్దు. ఎల్లుండి శ్రావణ శుక్రవారం. వర్జ్యం చూసుకుని ఎన్ని గంటలకు వస్తానో చెబుతాను’ అన్నారు.

ఎదురుచూపు | జూలై 23, రాత్రి 10:02

చెప్పిన గంటకు రాకపోతే మీరు ఫోను చేయండి. రోజుకు రెండుసార్లు.